చేదు గింజ, తీపి కానుక



క్రిస్మస్‌కు ఇరుగుపొరుగువారికి ఏమి పంచాలి, చేతిలో డబ్బు లేదే అని చింతించే తల్లులతో నేడు మాట్లాడగోరుచున్నాను.

మన కామవరపుకోట తోటలలో కొబ్బరి, పామాయిల్ చెట్ల నీడన కోకో పండుచున్నది. కాయ కొట్టి తీసిన గింజ చేదు. ఐదారు రోజులు కప్పిపెట్టి పులియబెట్టి, ఎండబెట్టి, వేయించినప్పుడే చాక్లెట్ వాసన వచ్చును. 2024లో కిలో వెయ్యి రూపాయలదాకా పలికిన గింజ 2025లో సగానికి పడిపోయి రైతులు రోడ్డెక్కిన సంగతి మీకు తెలుసు. దుకాణంలో చాక్లెట్ డబ్బా ధర తగ్గిందా, చెప్పండి?

అమ్మా, ఆ డబ్బా కొననక్కరలేదు. ముప్పావు కప్పు పంచదారలో పావు కప్పు నీళ్లు పోసి తీగపాకం రానివ్వండి. రెండు కప్పుల పాలపొడి, పావు కప్పు కోకో పొడి కలిపి జల్లించి, రెండు చెంచాల నెయ్యితోపాటు పాకంలో వేసి, సన్నని సెగమీద ముద్ద అయ్యేదాకా కలపండి. నెయ్యి రాసిన పళ్లెంలో పరచి, గోరువెచ్చగా ఉండగానే ముక్కలు కోయండి. జల్లించడం మాత్రం మానకండి, ఉండలు కడితే పిల్లలే ఊసేస్తారు.

మరి ఎవరికిద్దాం? తిరిగి పెట్టగలవారికే పెట్టుట మనకు అలవాటు. విందుకు తిరిగి పిలువలేని బీదలను పిలువమని లూకా 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పెను. రోజంతా కోకో కాయలు కొట్టే అక్కచెల్లెళ్లలో చాక్లెట్ రుచి చూచినవారెందరు? పాస్టరుగారు ఏమీ అనుకోరు, మొదటి పొట్లం వారింటికి తీసుకువెళ్లండి. తోటగల సహోదరులారా, వారికి కూలి బాకీ ఉంటే ద్వితీయోపదేశకాండము 24:15 ప్రకారం అదికూడా పొద్దుగూకకముందే చేతికివ్వండి.