గోల్కొండ మాసాహెబా: హయాత్ బక్షీ బేగం
(స్మారకోపన్యాసం)



నానక్‌రామ్‌గూడలో సభ పెట్టి పదిహేడో శతాబ్దపు రాణి గురించి మాట్లాడడమేమిటని కొందరు అడిగారు. ఔటర్ రింగ్ రోడ్డు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వచ్చాక మనకు గుర్తుండడం లేదు గానీ, ఈ నేల గోల్కొండకు పెరడు. ఖాజాగూడ దాటి ముందుకెళ్తే షేక్‌పేట సరాయి, ఆ దాపునే కుతుబ్‌షాహీ సమాధులు. ఏలిన సుల్తానుల గుమ్మటాల నడుమ, వాటికి ఏమాత్రం తీసిపోని ఒక స్త్రీ సమాధి ఉంది. 1667లో కన్నుమూసిన హయాత్ బక్షీ బేగం సమాధి అది.

ఆమె హైదరాబాదును కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు. 1612లో గద్దెనెక్కిన సుల్తాన్ మహమ్మద్‌కు భార్య. 1626లో పన్నెండేళ్ల ప్రాయంలో సుల్తానైన అబ్దుల్లాకు తల్లి; అందుకే 'మాసాహెబా', అంటే అమ్మగారు. చరిత్ర పుస్తకాలు ఈ మూడు వరసలూ చెప్పి ఊరుకుంటాయి. నాకు అక్కడే అభ్యంతరం. కొడుకు పసివాడుగా ఉన్నప్పుడు రాజ్యభారం మోసింది ఆమె. అతను పెద్దవాడయ్యాక కూడా ఆమె మాట దర్బారులో చెల్లింది. ఎవరి భార్యో, ఎవరి తల్లో అన్నంత మాత్రాన ఆమె చేసిన పని లెక్కలోకి రాదు.

1656 సంగతి చూడండి. వజ్రాల వ్యాపారంతో అపారంగా గడించి, కర్ణాటకం గెలిచి, తానే ఒక రాజులా తయారైన గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకూ సుల్తానుకూ చెడింది. అంతకు ముందు ఏడాది చివర్లో అబ్దుల్లా అతని కొడుకును నిర్బంధించాడు. మొగలుల దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబుకు కావలసిన సాకు దొరికింది. జనవరిలో ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్ సేనతో వచ్చి హైదరాబాదులో జొరబడ్డాడు. నగరం దోపిడీ పాలైంది. సుల్తాను కోటలో తలదాచుకున్నాడు. ఫిబ్రవరిలో ఔరంగజేబే వచ్చి కోటను ముట్టడించాడు.

అప్పటికి అబ్దుల్లాకు నలభై దాటాయి. అయినా శత్రు శిబిరానికి వెళ్లింది తల్లే. కొడుకు తరఫున ఔరంగజేబుతో ముఖాముఖి మాట్లాడి, ప్రాణానికీ రాజ్యానికీ అభయం అడిగింది. కోటి రూపాయలు కట్టేటట్టు, అబ్దుల్లా రెండో కూతురిని మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చేటట్టు ఒప్పందం కుదిరింది. మార్చి చివరికి ముట్టడి ఎత్తేశారు. రాజ్యాన్ని కలిపేసుకోవాలన్న ఔరంగజేబు ఆశకు షాజహాన్ ఆజ్ఞ అడ్డుపడిందన్నది నిజమే. కానీ ఆ ఆజ్ఞను ఒక ఒడంబడికగా మలచడానికి ఎవరో ఒకరు గడప దాటి వెళ్లాలి కదా! వెళ్లింది ఆమె. గోల్కొండ మరో ముప్పై ఏళ్లు, 1687 దాకా, నిలిచింది.

దీని ఖరీదు కట్టింది మాత్రం మనవరాలు. ఆ మాట చెప్పకుండా బేగంను పొగడడం నాకు చేతకాదు. ఆ మనవరాలిని కట్టుకున్న మహమ్మద్ సుల్తాన్ తర్వాత తండ్రి ఆగ్రహానికి గురై గ్వాలియరు కోటలో ఖైదీ అయ్యాడు.

ఇలా రాజకీయం కోసం ఇచ్చిన ఆడపిల్ల ఈమె ఒక్కతే కాదు. అదే శతాబ్దంలో జర్మనీలోని పలాటినేట్ సంస్థానంలో ఎలిజబెత్ షార్లెట్ అనే రాకుమార్తె పుట్టింది. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ తమ్ముడికి ఆమెను ఇచ్చారు. ఆ పెళ్లి వల్ల సంక్రమించిన హక్కును సాకుగా చూపి లూయీ సేనలు 1689లో ఆమె పుట్టిన హైడెల్‌బర్గ్‌ను తగలబెట్టాయి. శాంతి కోసమని ఇచ్చిన ఆడపిల్లలకు ఎక్కడైనా దక్కింది ఇదే. అయితే ఆ జర్మను రాకుమార్తె వేల కొద్దీ ఉత్తరాలు రాసింది. తన కోపం, తన దుఃఖం, తన ఎత్తిపొడుపులు ఆమె నోటితోనే ఈనాటికీ వింటున్నాం. హయాత్ బక్షీ కీర్తి కట్టడాల్లోనూ జనం చెప్పుకునే కథల్లోనూ నిలిచింది.

ఆ కథల్లో పెద్దది లంగర్ (గొలుసు) కథ. చిన్ననాడు అబ్దుల్లా ఎక్కిన ఏనుగు మదమెక్కి అడవిపాలైందట. బిడ్డ క్షేమంగా తిరిగొస్తే ఏనుగు గొలుసంత బంగారు గొలుసు హుసేనీ ఆలం పీరుకు సమర్పిస్తానని తల్లి మొక్కుకుందట. మొక్కు తీర్చి, ఆ బంగారం పేదలకు పంచిందని చెప్పుకుంటారు. కథలో ఎంత నిజముందో గానీ, దాని పేరున మొహర్రంలో సాగిన లంగర్ ఊరేగింపు నిజాముల కాలంలో పెద్ద సైనిక ప్రదర్శనగా మారింది.

కట్టడాల్లో నాకు ప్రియమైనది హయత్‌నగర్ మసీదు. బందరు దారిలో ఆ ఊరు ఆమె పేరునే వెలసింది. ఎత్తైన అరుగు మీద అయిదు కమానుల మసీదు, ఇరుపక్కలా మీనార్లు. చుట్టూ విశాలమైన ఆవరణ, దాని అంచున బాటసారులు దిగడానికి కమాను గదుల వరసలు. దగ్గర్లోనే హాథీ బావి అనే పెద్ద దిగుడుబావి. దూరం నుంచి అలసి వచ్చినవాడికి ఏం కావాలో తెలిసినవాళ్లు కట్టించిన చోటు అది: నీళ్లు, నీడ, ప్రార్థనకు స్థలం.

మాసబ్ ట్యాంక్‌ను కూడా జనం ఆమెకే కట్టబెడతారు. ఆ చెరువు తవ్వించిన మాసాహెబా ఆమె అత్తగారు ఖానం ఆఘా అని చరిత్రకారులు కొందరంటారు. ఆ పుణ్యం ఖానం ఆఘాదైతే ఆమె పేరే చెప్పుకోవాలి.

2013లో మొదలై దశాబ్దం పైగా సాగిన పనుల తర్వాత సమాధుల ప్రాంగణం బాగుపడింది. ఇక్కడి ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు సెలవు రోజున అక్కడికి వెళ్తున్నారు. వెళ్లినవాళ్లు మహమ్మద్ కులీ సమాధి చూసి వెనుదిరగకుండా, ఆయన కూతురి సమాధి దాకా, పక్కనున్న పెద్ద మసీదు దాకా నడవాలని కోరుతున్నాను. పాఠ్యపుస్తకాలు రాసే మిత్రులు ఈ సభలో ఉన్నారు. 1656 ముట్టడి గురించి రాసేటప్పుడు ఔరంగజేబు, మీర్ జుమ్లా, అబ్దుల్లాల పక్కన నాలుగో పేరు కూడా రాయండి.