ఎడమ కాలు సంగతి: వరుసగా ఐదేళ్ళు కప్పు గెలిచిన హైదరాబాద్ పోలీసు జట్టు

నేను ధర్మపురి నుంచి మాట్లాడుతున్నా. మా ఊరంటే అందరికీ గోదావరి స్నానం, నరసింహస్వామి గుడి గుర్తొస్తాయి. మాకు మాత్రం ఎండాకాలం నీళ్ళు తగ్గితే ఆ గోదావరి ఇసుకే గ్రౌండు. రెండు జతల చెప్పులు పెడితే రెండు గోల్ పోస్టులు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు స్కూళ్ళ పోటీలకు పోయినం. నాకౌట్ పద్ధతి. అంటే ఓడిన జట్టు సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవుడే. మాది మొదటి మ్యాచ్. స్కోరు 0-0. ఇంకా రెండు నిమిషాలు ఉందనగా బంతి నా ముందుకొచ్చింది. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. కానీ బంతి నా ఎడమ వైపు పడింది. నేను దాన్ని కుడి కాలికి తెచ్చుకునేలోపు వాళ్ళ పిలగాడు వచ్చి తన్నేసిండు. అదే బంతి అటు పోయి గోల్ అయింది. 1-0.

బస్సులో మా పీఈటీ సార్ తిట్టలేదు. ఒక్కటే అడిగారు. "ఎడమ కాలు దేనికున్నదిరా నీకు, నిలబడనీకేనా?"

ఆ మాట నాకు చాలా ఏళ్ళు కుచ్చుకుంది. తర్వాత ఒకరోజు ఫోన్‌లో పాత ఫుట్‌బాల్ కథలు చదువుతుంటే ఒక పేరు దొరికింది. సయ్యద్ అబ్దుల్ రహీం. మీలో కొందరు 2024లో వచ్చిన మైదాన్ సినిమా చూసి ఉంటారు. అజయ్ దేవగణ్ వేసిన పాత్ర ఆయనదే. హైదరాబాద్ మనిషి, మొదట బడిలో పాఠాలు చెప్పే సారు. సినిమాలో ఎక్కువగా భారత జట్టు కథ ఉంటుంది. నేను ఇవాళ చెప్పేది అంతకుముందు మన హైదరాబాద్‌లో జరిగిన కథ.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. అప్పట్లో దేశంలో పెద్ద కప్పులంటే రెండు గట్టిగా వినిపించేవి. ఒకటి డ్యూరాండ్ కప్, 1888లో సిమ్లాలో మొదలైంది. రెండోది బొంబాయిలో ఆడే రోవర్స్ కప్, 1891లో మొదలైంది. రెండూ నాకౌట్ కప్పులే. కలకత్తా నుంచి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి పెద్ద క్లబ్బులు వచ్చేవి.

1950 సీజన్‌లో మన పోలీసు జట్టు రోవర్స్ కప్ గెలిచింది. అదే సీజన్‌లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించి అదీ గెలిచింది. ఒక్కసారి గెలిస్తే అదృష్టం అనుకోవచ్చు. కానీ 1951లో మళ్ళీ రోవర్స్ కప్ మనదే. 1952, 1953, 1954. వరుసగా ఐదేళ్ళు. 1954లో డ్యూరాండ్ కూడా రెండోసారి తెచ్చారు.

ఇది ఎంత కష్టమో చెప్పనా? ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. ఒక జట్టు పది మ్యాచ్‌లు ఆడితే ఎనిమిది గెలుస్తదనుకుందాం. మంచి జట్టే కదా. కప్పు కొట్టాలంటే నాలుగు మ్యాచ్‌లు గెలవాలనుకుందాం. 0.8ని నాలుగు సార్లు వేసుకుని గుణిస్తే 0.41 వస్తది. అంటే అంత మంచి జట్టు కూడా సగం కంటే ఎక్కువసార్లు ఓడి ఇంటికి పోతది. ఇప్పుడు ఐదేళ్ళు వరుసగా అంటే, 0.8ని ఇరవై సార్లు గుణించాలి. 0.01. నూటికి ఒక్క అవకాశం. లెక్క నేను సులువు చేసి చెప్తున్నా, డ్రా అయితే మళ్ళీ ఆడించే పద్ధతి కూడా అప్పుడుండేది. అయినా విషయం అర్థమైంది కదా.

మరి ఎట్ల గెలిచారు? ఆటగాళ్ళకు పోలీసు ఉద్యోగం ఉంది. నెల జీతం వస్తది, రోజూ కలిసి ఆడతారు. అది ఒక కారణం. రెండోది రహీం సాబ్ నేర్పిన పద్ధతి. ఆయన హైదరాబాద్‌లో వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి వచ్చిందంటే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో మీకు రాని కాలితోనే ఆడాలి. కుడి కాలు బాగా వచ్చినోడు ఎడమ కాలితో, ఎడమ కాలు వచ్చినోడు కుడి కాలితో.

ఇది చదివి నేను కాసేపు అట్లనే కూర్చున్నా. ఆలోచించండి, ఆ పోటీలో ఎంత మంచి ఆటగాడైనా నవ్వులపాలు అవుతాడు. బంతి ఎటో పోతది. గల్లీలో పోరగాళ్ళు నవ్వుతారు. కానీ ఆ నవ్వులపాలు అక్కడే అయిపోతది. బొంబాయిలో ఫైనల్లో బంతి ఎడమ వైపు పడితే కాలు వెతుక్కోవాల్సిన పని లేదు. నాకౌట్‌లో బంతి మనం అడిగిన వైపు రాదు, రెండో మ్యాచ్ కూడా ఉండదు. కాబట్టి మనకు రానిది ఏదో ముందే ఒప్పుకుని, ముందే నేర్చుకోవాలి.

తర్వాత కథ మీకు తెలిసే ఉంటది. రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడి, ఫైనల్లో అదే జట్టుని 2-1తో కొట్టి స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో చనిపోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ ట్రోఫీ మీద మన రాష్ట్రాల పేరు మళ్ళీ ఎక్కలేదు.

జకార్తాలో ఇంకో మ్యాచ్ ఉంది. జపాన్‌ని మనం 2-0తో ఓడించాం. అవును, ఇవాళ ప్రపంచ కప్‌లో ఆడే జపాన్‌నే. వాళ్ళు ఆ ఓటములు చూసి ఊరుకోలేదు. 1960లోనే జర్మనీ నుంచి డెట్‌మార్ క్రామర్ అనే కోచ్‌ని తెచ్చుకున్నారు. 1968 ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టారు. 1993లో వృత్తి లీగ్ పెట్టారు. 1998 నుంచి ఒక్క ప్రపంచ కప్ కూడా తప్పలేదు.

వాళ్ళకూ ఒక నాకౌట్ కప్పు ఉంది. 1921లో మొదలైంది, పేరు ఎంపరర్స్ కప్. 2022లో ఆ కప్పులో కోఫు అనే ఊరి జట్టు ఫైనల్‌కు వచ్చింది. కోఫు మన కరీంనగర్ కంటే చిన్నది. ఆ జట్టు ఆడేది రెండో డివిజన్, ఆ ఏడాది 22 జట్లలో 18వ స్థానం. ఫైనల్లో హిరోషిమా జట్టుతో 1-1. ఎక్స్‌ట్రా టైమ్ ఆఖర్లో కోఫు ఆటగాడు హిదెయోమి యమమోతో చేతికి బంతి తగిలింది. పెనాల్టీ. ఆయనకు 42 ఏళ్ళు, 2003 నుంచి అదే క్లబ్బు. ఇన్నేళ్ళ కష్టం తన చేతి వల్లే పోయేటట్టుంది. కానీ గోల్‌కీపర్ కవాతా ఆ పెనాల్టీ ఆపేశాడు. తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో గెలుపు కోసం కొట్టాల్సిన ఆఖరి కిక్ ఎవరికొచ్చింది? యమమోతోకే. గోల్ కొట్టాడు. ఐదు మొదటి డివిజన్ జట్లను దాటి, చిన్న ఊరు కప్పు ఎత్తింది.

అది చూసినప్పుడు నాకు రహీం సాబే గుర్తొచ్చారు. ఆ ఒక్క కిక్ కోసం ఆ మనిషి ఇరవై ఏళ్ళు రోజూ గ్రౌండుకు వచ్చాడు. మన దగ్గర ఆ రోజూ వచ్చే పని ఎక్కడో ఆగిపోయింది. పూర్తిగా ఆగిందని కూడా అనలేను. మన పక్కన నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్ళిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. తండా నుంచి అక్కడిదాకా పోవచ్చని ఆ అమ్మాయి చూపించింది.

నేను పెద్ద ఆటగాణ్ణి కాలేదు. కానీ ఇప్పుడు ఆదివారాలు మా ఊరి పిల్లలతో ఆడుతున్నా. మొదటి అరగంట ఎడమ కాలే. మొదటి రోజు అందరం పడి పడి నవ్వుకున్నాం, నా షాట్ చూసి ఇంకా ఎక్కువ. మూడు నెలలు దాటాక ఏడో తరగతి పిల్ల ఒకతి నా ముందే ఎడమ కాలితో గోల్ కొట్టింది. కొట్టిన సంగతి ఆమె పట్టించుకోనే లేదు, నేనే కేక వేసిన.

మీరు ఫుట్‌బాల్ ఆడకపోయినా పర్లేదు. మీకూ ఒక ఎడమ కాలు ఉంటది. లెక్కలో, ఇంగ్లీషులో నాలుగు మాటలో, స్టేజీ ఎక్కి మాట్లాడుడో. పరీక్ష, ఇంటర్వ్యూ నాకౌట్ లాంటివే, అవి మనకు వచ్చిన వైపే రావు. రోజుకు పదిహేను నిమిషాలు ఆ రాని దాని మీద పెట్టండి. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనీయండి.

మా సార్ ఇప్పుడు కనిపిస్తే ఆయన అడిగినదానికి జవాబు చెప్తా. నిలబడనీకే కాదు సార్, తన్ననీకి కూడా.

మీ ఎడమ కాలు ఏందో కింద రాయండి. మళ్ళీ కలుద్దాం.