మనువు చేతిలోని చేపపిల్ల

మన తుళ్లూరు వైపు పల్లెచెరువులలో తుమ్మకంప ముంచుట మీరెరిగినదే. దొంగవల తగిలి చినుగుటకే యని పెక్కుమంది తలంతురు. నీట నానిన ఆ కొమ్మలకు నాచు పట్టును, పురుగు చేరును. చేపపిల్లలు అచటనే మేయుచు పెద్దచేపల నోటబడక పెరుగును.

శతపథబ్రాహ్మణమున, మనువు చేతులు కడుగుకొను నీటిలోనికి వచ్చిన చేపపిల్ల కోరినది ఈ నీడనే: చిన్నవారమైనంతకాలము చేపయే చేపను మ్రింగును, పెరుగువరకు కాపాడుమని. మనువు దానిని కుండలోను, పిదప గుంటలోను పెంచి, తుదకు సముద్రమున విడిచెను. మేమిది చదివిననాడు మాకు ఊరిచెరువు తలపునకు రాలేదు!

అస్సాము మడుగులలో ఇట్టి కంపచుట్టును వల కట్టి, లోని కొమ్మలు తీసివేసి, దాగిన చేపలను పట్టుదురు. పట్టువాని జీవికను మేము నిందింపము. కౌశికునకు ధర్మము చెప్పిన ధర్మవ్యాధుడు మాంసము నమ్మినవాడే. కాని నమ్మి చేరిన పిల్లను సైతము ఊడ్చుట ఏమి న్యాయము? వలకన్ను వెడల్పుగా నుంచుడు, పిల్లను జారనిండు.