పాత సైకిలు – కొత్త రంగు

బెంగళూరు నుంచి సైకిళ్ళ మీద లేపాక్షి చూడవచ్చే యువకులు హిందూపురం బాటలో అప్పుడప్పుడు ఎదురవుతూ ఉంటారు. వారి వాహనాలు చాలావరకు కొత్తవే. అయితే వాటిలో అరవై ఏండ్లనాటి ఇటలీ పందెపు సైకిలు ఒకటి మన ఊరి మరమ్మతు దుకాణానికి వచ్చినదనుకొందాము. దానిని ఏమి చేయవలె? ఈ సంగతి కొంచెం విచారింపదలచినాము.

మనకు సైకిలు బాగుచేయడమంటే మొట్టమొదట స్ఫురించేది రంగు. పాతది గీకి, నల్ల ఎనామిలు పూయిస్తే కొత్త సైకిలు వచ్చినట్లే. ప్రతిదినం పాలక్యానులు మోసే బండికి అదే తగిన పని. దానిని మేము తప్పుపట్టము. ఇటలీ సైకిలు మాట వేరు. 1885లో ఎడొఆర్దో బియాంకి మిలానులో స్థాపించిన సంస్థ సైకిళ్ళకు లేత ఆకుపచ్చ, నీలం కలిసిన వర్ణం ప్రసిద్ధం. దానిని ‘చెలెస్తె’ అంటారు, ఆకాశవర్ణమని అర్థం. ఆ ఛాయ కాలక్రమాన మారుతూ వచ్చినది. కనుక ఒక్కొక్క సైకిలు పుట్టిన కాలానికి దాని రంగే సాక్షి. గీకినవాడు సాక్షిని చంపినట్లే. సబ్బునీటితో మెత్తగా కడిగి, ఆరిన తరువాత మైనం రాస్తే చాలు. క్రోమియం పూత మీది తుప్పుచుక్కలకు వంటింటి అల్యూమినియం రేకును తడిపి రుద్దడం మంచి ఉపాయం.

అసలు చిక్కు పెడళ్ళ ఇరుసు దగ్గర ఉన్నది. మనకు అలవాటైన ఇంగ్లీషు పద్ధతిలో కుడివైపు కప్పుకు ఎడమ మరచుట్టు ఉంటుంది. ఇటలీ పద్ధతిలో రెండు వైపులా కుడి మరచుట్టే. తేడా ఎరుగని చేయి విప్పుతున్నాననుకొని బిగిస్తుంది. బలం చూపితే మరలు అరిగి ఫ్రేమే పాడవుతుంది. పట్టుకొనిపోయిన భాగానికి చమురు పోసి రెండు దినాలు ఓపిక పట్టడం సుత్తి కంటే మేలు.

అట్లని పాతదంతా పవిత్రమని మేము అనము. ఎండి పగిలిన టైరు, పోగులు తెగిన బ్రేకు తీగ, గట్టిపడిన బ్రేకు రబ్బరు ప్రాణం మీదికి తెచ్చేవి. వాటిని నిస్సంకోచంగా మార్చవలె. విప్పిన భాగాలను మాత్రం డబ్బాలో వేసి యజమానికి అప్పగించవలె. ఫ్రేముకు బీట కనిపిస్తే, బీట పూడ్చి రంగు వేసి దాచడం మోసమే.

లేపాక్షిలో, అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ అధికారి విరూపణ్ణ కట్టించిన ఆలయపు కప్పు మీద వర్ణచిత్రాలున్నవి. కొన్నిచోట్ల రంగు రాలిపోయినది. అక్కడ కొత్తగా ముఖాలు వ్రాస్తామంటే మనలో ఎవరు ఒప్పుకొంటారు? కాని కప్పు కారితే ఆ నీటిని ఆపక తప్పదు. సైకిలుకు బ్రేకు తీగ అటువంటిది. ధర్మవరం పట్టుచీరలను జరీలోని వెండి కోసం తూకానికి అమ్మి, కరగించివేసే ఇండ్లూ ఉన్నవి. అమ్మమ్మ చీర అంచు మళ్ళీ ఏ మగ్గం మీద దొరకుతుంది?

కొత్త బండ్లకు మన సీమలో కొదవ లేదు. పెనుకొండ సమీపాన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లే తయారవుతున్నవి. ఇటలీ సైకిలు మన ఇంట లేకపోవచ్చును. తాతగారి నల్ల సైకిలు కొట్టంలో ఉండవచ్చును. దాని మడ్‌గార్డు మీద ఊరి పెయింటరు పచ్చరంగుతో వ్రాసిన పేరు ఇంకా కనిపిస్తూ ఉంటే, ఆ అక్షరాల చోట ఉప్పుకాగితం వేయవద్దని దుకాణదారుకు ముందే చెప్పండి.