ఏటి నడుమ గడ్డలు

ఎండాకాలంలో రాజోలి దగ్గర తుంగభద్రలోకి దిగి చూడండి. నీళ్లు తగ్గిన చోట బండలు బయటపడతాయి. ఏరు వచ్చి తగిలే వైపు రాయి అరిగి నున్నగా ఉంటుంది. వెనకవైపు ఇసుక తోకలా సాగి ఉంటుంది. ఎందుకు? బండ చాటున నీటి వడి తగ్గుతుంది. వడి తగ్గితే, మోసుకొచ్చిన ఇసుకను ఏరు అక్కడే దించేస్తుంది. ఆ ఇసుకలో తుంగ మొలుస్తుంది. దాని వేళ్లు ఒండ్రును పట్టి ఉంచుతాయి. ముందు బండ, తర్వాత ఇసుక, ఆ తర్వాత గడ్డి. మనుషులు లేని చిన్న దీవి అలా పుడుతుంది.

మరి అక్కడ ఇళ్లెందుకు కట్టరు? వరద భయం. 2009 అక్టోబరులో వరద ఒడ్డున ఉన్న రాజోలినే ముంచింది. ఇక ఏటి నడుమ చిన్న గడ్డ మీద ఇల్లు నిలుస్తుందా? కృష్ణలో, గద్వాల దగ్గరి గుర్రంగడ్డ సంగతి వేరు. అది పెద్దది. అక్కడ ఊరుంది, పొలాలున్నాయి.

మనుషులు లేని దీవి మరొకటి చూద్దాం. దూరాన, ఉత్తరధ్రువం వైపు, గ్రీన్‌లాండ్‌కు కెనడాకు నడుమ హాన్స్ దీవి ఉంది. చెట్టు లేదు, ఇల్లు లేదు, వట్టి రాయి. అయినా కెనడా, డెన్మార్క్ ఏళ్ల తరబడి మాదంటే మాదన్నాయి. 2022లో పంచుకోవడానికి ఒప్పుకున్నాయి. అక్కడ చలికాలంలో మంచు దీవిని చుట్టేస్తుంది. ఇక్కడ ఎండాకాలంలో నీరింకి, గడ్డ ఒడ్డుతో కలుస్తుంది.

మళ్లీ చెబుతున్నాను, ముందు బండ, తర్వాత ఇసుక. ఆ ఇసుకను తోడేస్తే గడ్డికి వేరుపట్టే చోటుండదు. వరద భయం ఎలాగూ ఉంది కాబట్టి, తుంగభద్ర డ్యాం నుంచి నీళ్లు వదిలారని తెలిస్తే, గడ్డల మీద మేస్తున్న గొర్రెలను వెంటనే ఒడ్డుకు తోలుకురండి.