పాటకు పట్టా ఎవరిది?

(చిక్కడపల్లిలో జరిగిన రైతు సంఘం సభ్యుల సమావేశంలో మా మండల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, ఎరువుల గురించి మాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పాల్సింది చెప్పారు. మమ్మల్ని పాట గురించి చెప్పమన్నారు. రైతు సంఘం సభలో పాట ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ప్రతి సభా మనం పాటతోనే మొదలుపెడతాం. ఆ పాట ఎక్కడిదో, ఎవరిదో ఒక్క సభలోనైనా చెప్పుకున్నామా? మేమైతే చెప్పలేదు. ముందు ఆ తప్పు ఒప్పుకుని మొదలుపెడతాం.

ఈ పొద్దున ఇమ్లీబన్ బస్టాండులో దిగి మెట్రో ఎక్కాం. నారాయణగూడ దాటి చిక్కడపల్లిలో దిగాం. సభకు ఇంకా సమయం ఉంది. మాలో ఒకరి అన్న కొడుకు అశోక్‌నగర్‌లో ఉంటాడు, గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. చూసిపోదామని ముగ్గురం వాని గదికి పోయాం. చిన్న గదిలో నలుగురు పిల్లలు. నలుగురూ రైతుల పిల్లలే. పగలు సెంట్రల్ లైబ్రరీ, రాత్రి ఆ గది. ఊరిలో ధాన్యం అమ్మిన పైసలు ఇక్కడ అద్దెలకు, కోచింగులకు, మెస్సులకు పోతున్నాయి. అశోక్‌నగర్ అంటే మన ఊళ్ళే, కాకపోతే పొలం లేని ఊళ్ళు.

ఒక పిలగాని ఫోన్‌లో పాట మోగుతున్నది. డీజే దరువు, మనిషి మాట వినపడనంత మోత. కొంచెంసేపు వింటే తెలిసింది, అది 'బండెనక బండి కట్టి'. ఎవరి పాట బిడ్డా ఇది అని అడిగాం. "గద్దర్ పాట గదా చిన్నాయినా" అన్నాడు. గద్దర్ పాడిండు, కానీ రాసింది ఆయన కాదు, బండి యాదగిరి అని చెప్పాం. "మరి ఆయన ఎవరి మీద రాసిండు?" అన్నాడు. అదీ చెప్పాం. ఆఖరికి వాడు ఇంకో ప్రశ్న వేసిండు. "ఇయ్యాల రాస్తే ఎవరి పేరు పెడుతుండె చిన్నాయినా?" ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జవాబు రాలేదు. అక్కడినుంచి ఈ హాలు దాకా నడుస్తూ దాని గురించే మాట్లాడుకున్నాం. ఇప్పుడు చెప్పేది ఆ నడకలో మాట్లాడుకున్నదే.

మిత్రులారా, ఆ పాట పుట్టిన కాలం మీలో చాలామందికి తాతలు చెప్పగా తెలుసు. అప్పుడు నల్లగొండ జిల్లాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అని ఒక దేశ్‌ముఖ్ ఉండేవాడు. ఆయన కింద 1,50,000 ఎకరాలు ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలని అదే లెక్కలో ఉంది. భూమితోపాటు వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, అందరూ ఊరికే చేయాలి. బండి ఉన్న రైతుకూ వెట్టి తప్పేది కాదు. దొరకో, అమీనుకో, తహసీల్దారుకో పని పడితే ఎడ్లను విప్పి బండి కట్టాల్సిందే. గడీకి ధాన్యం తోలాలన్నా రైతు బండే. కిరాయి లేదు, ఎడ్లకు మేత లేదు. నాట్లు ఆగిపోయినా అడిగే దిక్కు లేదు.

ఇది గుర్తు పెట్టుకుని ఆ పాట వినండి. బండి వెనక బండి కట్టుకుని ఏ బండిలో పారిపోతావురా అని దొరను అడుగుతున్నాడు యాదగిరి. ఎవరి బండ్లు అవి? వెట్టికి తోలిన మన బండ్లే. మా తాతలు తోలిన బండ్ల వరుసనే ఆయన దొరకు చూపించి, ఇన్ని ఉన్నా నువ్వు తప్పించుకోలేవు అన్నాడు. వెట్టి చేసినవానికి ఆ మాట ఎట్లా తగిలి ఉంటుందో ఆలోచించండి. బండి తోలినవానికి మాత్రమే తట్టే పోలిక అది.

మొదట ఆ పాట ప్రతాపరెడ్డి పేరు పెట్టి కట్టిందే. పేరు పెట్టి పిలవడమే ఆనాడు పెద్ద ధైర్యం. దొర ఎదురుగా చెప్పులు చేతపట్టుకుని నడిచినవాళ్ళు, దొర అనే మాట తప్ప పేరు పలకనివాళ్ళు, పదిమందిలో నిలబడి పేరుతో, అదీ ఏకవచనంలో పాడారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత సంఘం ఊరూరికీ పాకింది. పాట కూడా పాకింది. పాట చేతులు మారుతుంటే పేరూ మారింది. దొరలందరికీ కొమ్ముకాసే నైజాం సర్కారునే పేరు పెట్టి పిలిచారు. దరువు అదే, అడిగే ప్రశ్న అదే. పేరు ఉండే జాగా మాత్రం ఖాళీ. ఎవడు మన మీద కూర్చుంటే వాని పేరు అందులో పడుతుంది. ఆ ఖాళీ జాగాయే ఆ పాటకు ప్రాణం అని మేం అనుకుంటున్నాం.

పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. 3,000 గ్రామాలు, పంచిన 10 లక్షల ఎకరాలు, 4,000 మంది అమరులు. ఇదీ సుందరయ్య గారు రాసిన లెక్కే. పాట మాత్రం నోళ్ళలో మిగిలింది.

తర్వాత దానికి సినిమా వచ్చింది. కృష్ణచందర్ ఉర్దూలో రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల ఆధారంగా, 1979లో 'మా భూమి' తీశారు. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ ఆయన. నిర్మాతల్లో ఒకరు బి. నర్సింగరావు. గద్దర్ అప్పటికే జననాట్యమండలి పాటగాడు. గొంగడి వేసుకుని తెర మీద ఆయన ఆ పాట పాడితే, పల్లెటూళ్ళో వాళ్ళకు అది సినిమా పాట అనిపించలేదు. మన ఊరి పాట తెర మీదకు పోయింది అనుకున్నారు. అదే సినిమాలో సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' కూడా ఉంది. పసులు కాసే జీతగాని మీద పాట. అది పాడిన ఆమెకు 'మా భూమి' సంధ్య అనే పేరే నిలిచిపోయింది. మేం బడికి పోయే రోజుల్లో ఈ రెండు పాటలూ రాని పిలగాడు లేడు.

సినిమా ఆ పాటకు చేసిన మేలు చిన్నది కాదు. అది లేకుంటే ముప్పై ఏళ్ళ కింది పాట మా తరానికి అందకపోయేదేమో. కానీ దానితోపాటు ఇంకొకటి జరిగింది. పాట రికార్డయింది, తర్వాత క్యాసెట్ అయింది. అంతకుముందు ఊరికొక తీరుగా పాడుకున్న పాట అందరికీ ఒకే తీరు అయిపోయింది. నైజాం పేరు అందులో ముద్ర పడిపోయింది. నైజాం రాజ్యం పోయింది. పోయినవాని పేరు పెట్టి తిట్టే పాటకు ఇప్పుడు ఎవరు భయపడతారు? అందుకే ఇవాళ ఆ పాట ఎవరైనా పెట్టుకుంటున్నారు. పెళ్ళి బరాత్‌లో పెడతారు, అన్ని పార్టీల ర్యాలీల్లో పెడతారు. ఒకప్పుడు ఎవరి మీద పాడారో వాళ్ళ మనవలు కూడా ఎగరవచ్చు.

మలి తెలంగాణ ఉద్యమంలో మాత్రం ఆ జాగా మళ్ళీ కొన్నాళ్ళు తెరుచుకుంది. ధూంధాం సభల్లో పాత దరువులకు కొత్త మాటలు కట్టారు, అప్పటి పాలకులను పేరు పెట్టి అడిగారు. మేమూ ట్రాక్టర్ల మీద పోయి పాడాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. జాగా మళ్ళీ మూతపడింది. ఇక అడగడానికి ఎవరూ లేరన్నట్టు ఊరుకున్నాం.

పక్కవాళ్ళను చూడండి. ఇటలీలో ఫాసిస్టుల మీద పోరాడినవాళ్ళ పాటగా పేరుపడిన 'బెల్లా చావ్' దరువును 2020లో పూజన్ సాహిల్ అనే పాటగాడు తీసుకున్నాడు. మూడు వ్యవసాయ చట్టాలు వాపస్ తీసుకోవాలని దానికి మాటలు కట్టాడు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు చలిలో కూర్చున్న రోజులు అవి. ఇటలీ దరువుకు మన దేశపు చట్టం పేరు తగిలించేసరికి పాత పాట మళ్ళీ పదునెక్కింది. 2021 నవంబరులో చట్టాలు రద్దయ్యాయి. పాట వల్లనే రద్దయ్యాయని మేం అనడం లేదు. ఏడాదికి పైగా రోడ్డు మీద కూర్చున్నవాళ్ళ వల్ల రద్దయ్యాయి. కానీ కూర్చున్నవాళ్ళకు పాట కావాలి. ఆ పాటలో ఇవాళ్టి పేరు ఉండాలి.

ఇక పేరు ముచ్చటలో రెండో సగం, రాసినవాని పేరు.

ఈ చిక్కడపల్లిలోనే త్యాగరాయ గానసభ ఉంది. అక్కడ కచేరీలో త్యాగరాజు కీర్తన ఎవరు పాడినా చివరి చరణంలో ఆయన పేరు వస్తుంది. దాన్ని ముద్ర అంటారు. వందమంది వందరకాలుగా పాడినా రాసినవాని పేరు చెరిగిపోదు. వేమన పద్యానికీ అంతే, మకుటంలోనే పేరుంది. మన పోరాట పాట కట్టినవాళ్ళు తమ పేరు పెట్టుకోలేదు. పోలీసుల కంట పడకుండా ఉండటానికి కావచ్చు, అది నలుగురి పాట అనుకుని కావచ్చు. దొర పేరు పెట్టారు, తమ పేరు వదిలేశారు. దొర పేరు చరిత్రలో ఉంది. బండి యాదగిరి గురించి అచ్చులో దొరికేది ఎంత? చాలా కొద్ది.

రైతులం కాబట్టి మన భాషలో చెప్పుకుందాం. పాటకు కూడా పట్టా, కాస్తు రెండూ ఉంటాయి. పట్టా ఇవాళ క్యాసెట్ కంపెనీదో, ఛానల్‌దో అయి ఉండవచ్చు. కాస్తు చేసింది ఎవరు? పోరాటంలో పాడినవాళ్ళు, నాట్లలో పాడిన ఆడవాళ్ళు, సభల్లో గొంతు పోయేదాకా పాడిన ఊరి కళాకారులు. మన పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. 2020 చట్టంతో, ధరణితో ఆ కాలమ్ తీసేశారు. దాంతో దున్నేవాడు కాగితంలో లేకుండా పోయాడు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పట్టాదారుకే సాయం ఇచ్చారు, కౌలు రైతుకు ఇవ్వలేదు. మనం దీని మీద ధర్నాలు చేశాం. ఆ కాలమ్ తీసేసినందుకు సర్కారును అడిగిన మనమే, మన పాటలో కాస్తుదారు కాలమ్ తీసేశాం. మైకు ముందు నిలబడి ఎన్నోసార్లు గద్దర్ పాట అన్నాం. గద్దర్ గొప్ప పాటగాడు, 2023 ఆగస్టులో ఆయన పోతే మా ఊళ్ళో పొయ్యి వెలగని ఇళ్ళున్నాయి. కానీ యాదగిరి పేరు పక్కన పెడితే గద్దర్ పేరు తగ్గదు.

పిలగాడు అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్తాం. ఇవాళ రాస్తే ఎవరి పేరు పెట్టాలి? మొన్నటి యాసంగిలో మా ఊరి కొనుగోలు కేంద్రంలో పన్నెండు రోజులు వడ్లు ఆరబోసుకుని కూర్చున్నాం. తేమ శాతం సరిగ్గా ఉన్నా, తాలు లేకున్నా, బస్తాకు ఇంత తరుగు అని కోశారు. మిల్లు దగ్గర లారీ వెనక లారీ నిలబడ్డది. అదే బండ్ల వరుస, ఎడ్ల బదులు డీజిల్. లారీల్లో ఉన్నది మన ధాన్యమే, కిరాయి భారమూ మనదే. యాదగిరి ఉంటే ఆ లారీల వరుస చూసి ఊరుకునేవాడా?

అయితే ఆనాటికీ ఈనాటికీ ఒక తేడా ఉంది. అప్పుడు దొర గడీలో కనపడేవాడు. ఇప్పుడు తరుగు కోసేవాడు మనలాంటి కూలివాడే, వాని మీద పాట కడితే అన్యాయం. తరుగు పేరు పెడదాం. కౌలు రైతును కాగితంలో నుంచి తీసేసిన చట్టం పేరు పెడదాం. నూటికి మూడు రూపాయల మిత్తి పేరు పెడదాం. ఎవరి ఊళ్ళో ఏది కూర్చుంటే దాని పేరు. మనిషిని కాదు, పద్ధతిని పేరు పెట్టి పిలవడం కష్టమే. కష్టమైనా నేర్చుకోవాలి.

మా బృందం నుంచి సంఘం ముందు మూడు కోరికలు పెడుతున్నాం.

మొదటిది. ఏ సభలో ఏ పాట పాడినా, ముందు రాసినవాళ్ళ పేరు మైకులో చెప్పాలి. ఒక్క నిమిషం పని.

రెండోది. ఊళ్ళలో ఎనభై దాటినవాళ్ళు ఇంకా కొంతమంది ఉన్నారు. వాళ్ళకు వచ్చిన పాటలు, వాళ్ళ ఊళ్ళో ఏ పేరు పెట్టి పాడారో, ఫోన్‌లో రికార్డు చేసి, కాగితం మీద రాసి, ఎవరు పాడారో కింద రాయాలి. ఇప్పుడు చేయకపోతే రెండు మూడేళ్ళ తర్వాత చేయడానికి మనుషులు ఉండరు. మా మండలంలో ఇద్దరిని పోగొట్టుకున్న తర్వాత మాకు ఈ బుద్ధి వచ్చింది.

మూడోది. అశోక్‌నగర్ గదుల్లో ఉన్న మన పిల్లల చేతనే కొత్త మాటలు కట్టించాలి. వాళ్ళు పరీక్ష కోసం తెలంగాణ చరిత్ర చదువుతున్నారు. దొడ్డి కొమరయ్య తేదీ మనకంటే బాగా చెప్తారు. కానీ అది వాళ్ళకు ఒక మార్కు ప్రశ్న. మన వడ్ల తరుగుతోనే వాళ్ళ గది అద్దె తరుగుతున్నదని ఆ పాటలో కలిపి రాయగలిగేది వాళ్ళే.

గదిలోనుంచి వచ్చేటప్పుడు ఆ పిలగాడు ఫోన్ ఆపి, ఉత్త గొంతుతో ఒకసారి పాడమన్నాడు. ముగ్గురం పాడాం. మాలో ఒకరికి చరణం మధ్యలో మాట మరిచిపోయింది. పక్కగదిలో పిలగాడు తలుపు తీసి అందించాడు. వానిది ఏ జిల్లానో కూడా మేం అడగలేదు. మెట్లు దిగుతుంటే మొదటి పిలగాడు వెనకనుంచి అరిచాడు. "చిన్నాయినా, ఆయన పేరు బండి యాదగిరి కదా?" అని. అవును బిడ్డా, రాసుకో అన్నాం.

 ఇక పాట మొదలుపెడతారు. మొదలుపెట్టే ముందు పేరు చెప్పండి.