ఒక బిడ్డను చూసుకోవడానికి ఇంకో బిడ్డ బడి మానకూడదు

మీలో కొందరు మా హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్లే. అందుకే కాస్త చనువుగా మాట్లాడతాం.

మమ్మల్ని ఆడపిల్లల చదువు గురించి చెప్పమన్నారు. ఆ మాటే చెబుతాం. కానీ ఎదుగుదల లోపంతో పుట్టిన ఒక మగపిల్లాడి దగ్గర మొదలుపెడతాం.

మా హాస్టల్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి దసరా సెలవులకు ఇంటికెళ్లి తిరిగి రాలేదు. రెండు వారాలు చూసి మేమే కొండెక్కి ఆ ఊరు వెళ్లాం. అమ్మాయి అరుగు మీద కూర్చుని తమ్ముడికి చోడి అంబలి పట్టిస్తోంది. వాడికి ఎనిమిదేళ్లు. మాట లేదు, నడక లేదు, అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. అంతవరకు నాయనమ్మ చూసుకునేది. వానాకాలంలో ఆమె చనిపోయింది. కాఫీ పండ్లు కోసే రోజులు, అమ్మా నాన్నా తోటకు పోక తప్పదు. ఇక మిగిలింది అక్క.

మేము తండ్రిని కోప్పడ్డాం. 'తెలివైన పిల్ల, చదువు ఎందుకు పాడు చేస్తావు' అన్నాం. ఆయన నెమ్మదిగా ఒకటే అడిగాడు: 'పిల్లని ఇప్పుడే పంపేస్తాను మేడం. ఈడిని ఎవరు చూస్తారు?'

మా దగ్గర జవాబు లేదు. అంతకుముందు ఇలాగే ఆగిపోయిన మరో అమ్మాయి గుర్తొచ్చింది. ఆమెను బద్ధకస్తురాలు అనుకుని రిజిస్టర్‌లో పేరు కొట్టేశాం. ఇంటికి వెళ్లి చూడలేదు. తర్వాత ఆమెకు పెళ్లయిపోయింది. అది మా తప్పు. ఈ వేదిక మీద ఒప్పుకుంటున్నాం.

ఆ సాయంత్రం ఊళ్లో కూర్చుని మాట్లాడాం. ఇద్దరు కుర్రాళ్లు, మీ వయసువాళ్లే, ముందుకొచ్చారు. ఇరుగుపొరుగు మూడిళ్ల వాళ్లు వంతులు వేసుకున్నారు. ఒక్కో ఇంటివాళ్లు వారానికి రెండు రోజులు పిల్లాణ్ణి చూస్తారు, సంత రోజు తల్లి ఇంట్లోనే ఉంటుంది. తినిపించేటప్పుడు కూర్చోబెట్టి పట్టుకోవాలని, పడుకోబెట్టి పట్టిస్తే పొలమారుతుందని తల్లి వాళ్లకు నేర్పింది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళాలు చేతిలో పెడితే ఉపయోగం లేదు, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి అని ఏఎన్ఎం చెప్పింది. ఇవి మీరూ గుర్తుపెట్టుకోండి.

కుర్రాళ్లు గ్రామ సచివాలయంలో సదరం స్లాట్ పెట్టించారు. మొదటిసారి ఆధార్‌లో పేరు తప్పుందని తిరిగి రావాల్సి వచ్చింది. రెండోసారి బండి మీద తండ్రి ఒళ్లో పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని వెళ్లారు. సర్టిఫికెట్ వచ్చింది, తర్వాత పింఛనూ వచ్చింది. సంక్రాంతి సెలవులయ్యాక అమ్మాయి హాస్టల్‌కి వచ్చింది. మూడు నెలల పాఠాలు పోయాయి. గణితంలో ఇప్పటికీ వెనకబడే ఉంది. అయినా వచ్చింది.

యువతా, ఆ ఇంటివాళ్లు డబ్బు అడగలేదు. జాలి అసలే అడగలేదు. వాళ్లకు కావలసింది రోజులో కొన్ని గంటలు చూసే మనిషి, కాగితం చదివి వెంట వచ్చే మనిషి. ఈ రెండూ మీ దగ్గర ఉన్నాయి.

తెలుసుకోవలసినవి కొన్ని చెబుతాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ అందులో ఉన్నాయి. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో ఉచితంగా చదివే హక్కు ఉంది. 'వీడు మా బడికి పనికిరాడు' అని ఎవరైనా అంటే ఈ చట్టం పేరు చెప్పండి. ఆ మాట మాలాంటి వార్డెన్ అన్నా సరే. మండలంలో భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచర్‌ను కలవండి. కదల్లేని పిల్లలకు ఇంటి దగ్గరే నేర్పే ఏర్పాటు కూడా ఉంది. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను ఇప్పుడు నెలకు 6,000 రూపాయలు. 'మా తర్వాత వీడికి ఎవరు?' అని తల్లిదండ్రులు రాత్రిళ్లు నిద్రపోరు. పద్దెనిమిదేళ్లు దాటాక సంరక్షకుణ్ణి నియమించడానికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది.

దిశారి దగ్గరకు వెళ్లడం మన పద్ధతి, మేము కాదనం. కానీ దానితోపాటు డాక్టర్‌కూ చూపించాలి. ఫిట్స్ మందు ఒక్క రోజూ ఆపకూడదు. తల్లి చేసిన పాపమనో, ఎవరో చేసిన చెడుపనో అనే మాట ఊళ్లో వినిపిస్తే అక్కడే ఆపండి. 'మొద్దు', 'పిచ్చోడు' అని కాకుండా ఆ పిల్లల్ని పేరు పెట్టి పిలవండి.

మన ధింసాలో ఒకరి చేయి ఒకరి నడుము మీద ఉంటుంది. అడుగు తప్పినవాణ్ణి పక్కవాడు లాక్కుపోతాడు గానీ వదిలేయడు. మొన్న ఇటుకల పండుగకు ఆ పిల్లాణ్ణి తండ్రి భుజం మీద ఎత్తుకుని ఆటలో తిరిగాడు. వాడు డప్పు వినబడినంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడు. అంతకుముందు పండుగలకు వాణ్ణి ఇంట్లోనే ఉంచి తలుపు వేసేవాళ్లు.

ఈ సభ నుంచి మీ ఊరు వెళ్లాక ఒక పని చేయండి. పండుగకు రాని ఇల్లు ఏదో చూడండి. బడి మానిన అక్కో చెల్లో ఆ ఇంట్లో ఉందేమో అడగండి. ఉంటే, 'రేపు మేము చూసుకుంటాం, నువ్వు బడికి వెళ్లు' అనండి. అని ఊరుకోకండి, మర్నాడు పొద్దున్నే వెళ్లండి.

ఆమె కోసం మా హాస్టల్‌లో మంచం ఉంచుతాం. సెలవు. జై ఆదివాసీ.